నడిమి వాష్ మానేసిన సంగతి

తేది 15-10-2008, బుధవారం. పగలు 11 గంటల 20 నిమిషాలు. కడప పట్టణంలోని పోలీసు స్టేషను, రైటర్ గది.

నా పేరు దూదేకుల రబ్బానీ. తండ్రి పెద్ద దస్తగిరి, బతికి లేరు. తల్లి అబీదా బీ. వయసు 24 సంవత్సరాలు. వృత్తి ల్యాబు టెక్నీషియను. సొంత ఊరు కర్నూలు జిల్లా బనగానపల్లె. మూడేళ్ళుగా కడపలో వాసుదేవ్ గారి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ, ల్యాబు వెనక గదిలోనే ఉంటున్నాను. ఇంటర్ చదివాను, ఆ తరువాత ల్యాబు కోర్సు చేశాను. మిగతాదంతా బస్టాండు దగ్గర బండ్ల మీద అమ్మే చిన్న పుస్తకాలు, సైన్సు కరపత్రాలు చదివి నేర్చుకున్నదే.

నిన్న సాయంత్రం రైటర్ పెద్దన్న గారు నా వాంగ్మూలం ఒక పేజీ రాశారు. అందులో నేను మిషన్ పగలగొట్టిన సంగతి ఉంది. కడ్డీ పొడవు ఎన్ని అడుగులో కూడా ఉంది. మా అక్క షాహనా పేరు లేదు. మద్దమ్మ పేరు లేదు. నేను సంతకం పెట్టనన్నాను. ఎస్‌ఐ గారు విసుక్కుని, అయితే నువ్వే రాసుకోప్పా అని కాగితాలు ఇప్పించారు. ఉపన్యాసం వద్దు, జరిగింది రాయి, టైములు రాయి అన్నారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని కూడా ఆయనే చెప్పారు. నేను కోర్టు కోసం రాయడం లేదు. మద్దమ్మ అనే ఆమె ఎల్లుండి శుక్రవారం, 17వ తేదీన, ల్యాబుకు వస్తుంది. ఆమెకు నేను ఇచ్చిన రిపోర్టులు నమ్మదగినవి కావు. ఆ మాట ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకోసం రాస్తున్నాను.

మొదట మిషన్ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఏదీ అర్థం కాదు.

కొన్ని మందులు కలిస్తే మంట లేకుండా, వేడి లేకుండా వెలుగు పుడుతుంది. మిణుగురు పురుగులో పుట్టినట్టే. ఆ వెలుగును కొలిచే మిషన్ 2007 ఏప్రిల్‌లో మా ల్యాబుకు వచ్చింది. రక్తంలో ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క ప్రోటీన్ పెరుగుతుంది. దానిని పట్టుకునే మందు, వరసగా చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో, గుంటల అడుగున పూసి ఉంటుంది. అది ఒక చెయ్యి అనుకోండి. రెండో మందు ఆ ప్రోటీన్‌నే ఇంకో పక్క నుంచి పట్టుకుంటుంది. ఆ రెండో చేతికి వెలుగు పుట్టించే పదార్థం కట్టి ఉంటుంది. రెండు చేతుల నడుమ ప్రోటీన్ చిక్కుతుంది. చిక్కనిదాన్ని కడిగేసి, చివర వెలుగు మందు పోసి మిషన్‌లో పెడితే అది వెలుగును లెక్కపెట్టి సంఖ్య ఇస్తుంది. కంటికి ఏమీ కనబడదు. ఆ వెలుగును నేను ఒక్కసారీ చూడలేదు. మిషన్ మాత్రమే చూస్తుంది.

ఈ మందులు, ప్లేటు వచ్చే కిట్టు పెట్టెలో మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం వస్తుంది. దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని పదకొండు రోజులు కూర్చుని మొత్తం తెలుగులో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు నా గదిలో పరుపు కింద ఉంది, మీరు తీసుకోవచ్చు. ఆ కాగితం ప్రకారం రక్తపు నీరు, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు, గుంటలో పోసి గంట ఉంచాలి. ఐదు సార్లు కడగాలి. తరువాత రెండో మందు పోసి ఇంకో గంట ఉంచాలి. మళ్ళీ ఐదు సార్లు కడగాలి. మొదటి కడగడాన్ని మేము నడిమి వాష్ అంటాం.

మా వీధిలో కరెంటు ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఉండదు. మళ్ళీ మూడు నుంచి ఐదు దాకా ఉండదు. దూరం ఊళ్ళ ఆడవాళ్ళు పది గంటల బస్సులకు దిగుతారు. రక్తం తీసుకుని కరెంటు కోసం కూర్చోవాలి. పన్నెండుకు మొదలుపెడితే, రక్తపు నీరు విడదీయడానికి, చేత్తో పదిసార్లు కడగడానికి పట్టే టైము కూడా కలిపి, రెండు వాష్‌ల పద్ధతిలో మూడు గంటలకు పూర్తి కాదు. కరెంటు పోతుంది, ప్లేటు పాడవుతుంది. కాబట్టి రిపోర్టు మరుసటి రోజే. 2007 ఆగస్టులో ఒక రోజు ఉదయం ఐదున్నరకు టీ తాగడానికి బస్టాండుకు పోతే, ముందు రోజు నేను రక్తం తీసిన ఆమె బెంచీ కింద పసిబిడ్డను పొట్టకు ఆనించుకుని పడుకుని ఉంది. ఆమె కాళ్ళ మీద దోమలు. రిపోర్టు కోసం ఆగిపోయిందట. నాకు ఒళ్ళు మండింది. సైన్సు ఉండి ఎందుకు, ఆమెను నేలమీద పడుకోబెట్టడానికా అనుకున్నాను.

ఆ వారమే నేను పద్ధతి మార్చాను. రక్తపు నీరు, రెండో మందు ఒకేసారి పోశాను. నడిమి వాష్ తీసేశాను. గంటన్నరలో సంఖ్య వచ్చింది. సరిచూడడానికి కిట్టుతో వచ్చే ఐదు పరీక్ష సీసాలను రెండు విధాలుగానూ చేశాను. ఐదింటిలోనూ లెక్క సరిపోయింది. ఆ సీసాల్లో ఉండేది కొద్ది మోతాదే అన్న సంగతి నాకు తట్టలేదు. వాసుదేవ్ గారు చాలా సంతోషపడ్డారు. ఆయన బట్టల కొట్టు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, రసాయనాలు తెలియవు, నన్ను నమ్మారు. ఇది ఆయన చెప్పి చేయించింది కాదు. నేను చేసి ఆయనకు చూపించాను. ఇది సరిగ్గా రాసుకోండి.

అప్పటినుంచి ఆడవాళ్ళు మూడున్నర బస్సుకు రిపోర్టు చేతబట్టుకుని పోయేవారు. పద్నాలుగు నెలలు అలా జరిగింది. థైరాయిడ్ వంటి పరీక్షల్లో దీనివల్ల పెద్ద తేడా రాదు. ఇప్పుడు తిరిగి లెక్కలు చూసుకుని చెబుతున్నాను. తేడా వచ్చేది ప్రోటీన్ విపరీతంగా ఉన్నవాళ్ళకే. అటువంటి జబ్బుతో నా దగ్గరకు వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా అక్క. రెండో ఆమె మద్దమ్మ.

నేనొక కరపత్రం కూడా రాశాను. ఐదు వందలు అచ్చు వేయించి వచ్చినవాళ్ళందరికీ పంచాను. అందులో ఒక వాక్యం ఉంది: "ఎక్కువ ఉంటే ఎక్కువ వెలుగు, తక్కువ ఉంటే తక్కువ వెలుగు, ఇందులో ఎవరి దయా లేదు, ఎవరి మోసమూ లేదు." ఆ వాక్యం రాసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం. ఆ కరపత్రం ఒకటి మీ టేబుల్ మీద ఉంది.

ఇప్పుడు అక్క సంగతి.

అక్క షాహనా వయసు 27. భర్త ఇమాం వలి మంగంపేట ముగ్గురాయి గనుల్లో రాయి ఏరి రకాలు విడదీసే పని చేస్తాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొదటిసారి నెల తప్పింది. ఈ ఏడు మార్చిలో అమ్మ దగ్గరికి బనగానపల్లెకు వచ్చింది. ఏప్రిల్ 9న రక్తం పోతుంటే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. బిడ్డ లేదు, ముత్యాల గర్భం అన్నారు. బిడ్డ ఉండాల్సిన చోట ద్రాక్షకాయల్లాంటి నీటి బుడగలు పెరుగుతాయి. 11న తీసేశారు. అక్కడి డాక్టరమ్మ మాకు నిదానంగా చెప్పింది. దీని ముక్క లోపల మిగిలితే క్యాన్సరుగా మారొచ్చు, కానీ తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లకు లొంగిపోతుంది, బతికించుకోవచ్చు, పట్టుకోవడానికి ఒకటే దారి, నెలనెలా రక్తంలో ఆ ప్రోటీన్ చూడాలి, అది సున్నాకు రావాలి అని చెప్పింది. తొందరగా పట్టుకుంటే అని రెండు సార్లు అంది. నేను పక్కనే నిలబడి విన్నాను. మా ల్యాబులో ఆ పరీక్ష ఉందని గొప్పగా చెప్పాను.

మే నెలలో కర్నూలులోనే చేశారు, 8,600 వచ్చింది. తరువాత అక్క మంగంపేట పోయింది. అక్కడి నుంచి కడపకు నేరుగా బస్సు ఉంది. గురువారం బావకు సెలవు. జూన్ 12న నా దగ్గర 6,100. జూలై 10న 2,300. ఆగస్టు 14న 640. మూడు సార్లూ రక్తం నేనే తీశాను. నరం దొరకడం కష్టం, ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే దొరికేది.

జూలైలో అక్క వాంతులు తగ్గలేదంది. సంఖ్య తగ్గుతాంది కదా అన్నాను. అక్క నవ్వి, "అయితే నీ మిషన్‌ను నాకు కూడా చెప్పమనురా సైంటిస్టూ. దానికి తగ్గినాది, నాకు తగ్గలా" అంది. నేను కూడా నవ్వాను.

ఆగస్టు 14న అమ్మ కూడా వచ్చింది. బావ తిరుపతి పెద్దాసుపత్రిలో ఒకసారి చూపిస్తామని మేస్త్రీని అడిగి నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాడు. బట్టల సంచి వెంట తెచ్చుకున్నారు. కడపలో పరీక్ష అయ్యాక అటునుంచి అటే పోవాలని. పగలు రెండు గంటల పది నిమిషాలకు నేను 640 అని రిపోర్టు చేతిలో పెట్టాను. తిరుపతి దేనికి, ఇంకో నెలకు సున్నా అవుతుంది అన్నాను. అప్పుడు అమ్మ ల్యాబు మెట్ల మీద కూర్చుని అన్న మాట ఇది:

"ఒరే రబ్బానీ, దానికి ఉల్లిగడ్డ తాళింపు వాసన ఇంకా పడటంలా. కడుపుతో ఉన్నప్పుడు ఎట్ల ఉన్నిందో అట్లనే ఉండాది. అది యాడికీ పోలేదురా. లోపలే ఉండాది."

నేను అమ్మ మీద అరిచాను. వీధిలో నలుగురు చూస్తుండగా అరిచాను. నీ ముక్కు గొప్పదా, ఈ మిషన్ గొప్పదా అన్నాను. మీలాంటి వాళ్ళ వల్లే ఈ సీమ ఇట్లా ఉండాది అన్నాను. నా కరపత్రంలోని ఆ వాక్యం గట్టిగా చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. అమ్మ కొంగుతో మెట్టు తుడిచి లేచింది. బావ నా ముఖం చూసి, "చదువుకున్నోడివి నువ్వు చెప్తాంటే ఇంకేముందిలేప్పా" అని సంచి భుజాన వేసుకున్నాడు. మూడున్నర బస్సుకు మంగంపేట వెళ్ళిపోయారు. తిరుపతి పోలేదు.

కడుపుతో ఉన్నప్పుడు వాంతులు తెప్పించేది ఆ ప్రోటీనే. ఇది నాకు అప్పటికే తెలుసు. నోటుబుక్కులో నా చేతిరాతతో ఉంది. అమ్మ చెప్పింది సరిగ్గా అదే. అమ్మ దగ్గర మిషన్ లేదు, అంతే.

సెప్టెంబరు 11న 190 వచ్చింది. రంజాన్ నెల. అక్క నీరసంగా ఉందని ఉపవాసం లేదు. నేను ఖర్జూరాల పొట్లం ఇచ్చి పంపాను. మెట్లు దిగుతూ రెండు చోట్ల ఆగింది. దగ్గింది. మంగంపేట రాతి దుమ్ము వల్ల అనుకున్నాను.

సెప్టెంబరు 27 శనివారం అక్క దగ్గులో రక్తం పడింది. బావ నాకు చెప్పకుండా తిరుపతి తీసుకుపోయాడు. ఎందుకు చెప్పలేదని తరువాత అడిగాను. చెబితే నువ్వు వద్దంటావని అన్నాడు.

29 సోమవారం పగలు 12 గంటల 40 నిమిషాలకు తిరుపతి నుంచి ఒక డాక్టరమ్మ ల్యాబుకు ఫోను చేసింది. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో అర్ధరూపాయి బిళ్ళల్లాగా తెల్లటి మచ్చలు ఉన్నాయని, జబ్బు అక్కడికీ పాకిందని, అక్కడ చేసిన పరీక్షలో ప్రోటీన్ పద్దెనిమిది లక్షలు దాటిందని, మీ రిపోర్టులో 190 ఎలా వచ్చిందని అడిగింది. మీ మిషన్ చెడిపోయి ఉంటుంది అన్నాను. ఆమె కోప్పడలేదు. శాంపిల్‌ను పలచన చేసి చూశారా బాబూ అని అడిగింది. ఉన్నదే 190 అయితే పలచన చేసేదేముంది అని ఫోను పెట్టేశాను. మరుసటి రోజు నాలుగు రిపోర్టులూ ఫైలులో పెట్టుకుని తిరుపతి పోయాను. ఆమె తప్పు నిరూపించడానికే పోయాను. అక్కను చూడడానికి పోతున్నట్టు బస్సులో నాకు గుర్తు లేదు.

వార్డులో అక్కకు ఆక్సిజన్ పెట్టి ఉంది. డాక్టరమ్మ ఎక్స్‌రే కవరు వెనక బొమ్మ వేసి చూపించింది. ప్రోటీన్ కొద్దిగా ఉంటే రెండు చేతులూ ఒకదాన్నే పట్టుకుంటాయి. విపరీతంగా ఉంటే, రెండు మందులూ ఒకేసారి పోస్తే, ఈ చేతికి ఒకటి దొరుకుతుంది, ఆ చేతికి ఇంకొకటి దొరుకుతుంది. రెండూ నిండిపోతాయి. ఒకదాన్ని ఇద్దరూ పట్టుకోరు. రెండో చెయ్యి వెలుగుతో సహా కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. మిషన్‌కు తక్కువ కనబడుతుంది. ఎంత పెరిగితే అంత తక్కువ. నడుమ ఒకసారి కడిగి ఉంటే ఆ మిగులు అంతా ముందే పోయేది, ఈ మోసం జరిగేది కాదు అంది. మీ ల్యాబులో ఆ వాష్ చేస్తారు కదా అని అడిగింది.

నా నోటుబుక్కు ఆఖరి పేజీలో, కింద, చిన్న అక్షరాలతో నేను రాసుకున్న వాక్యం గుర్తుకు వచ్చింది. "మధ్య వాష్ వదలరాదు. అత్యధిక మోతాదు గల శాంపిళ్ళు తక్కువగా చూపవచ్చును." ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చింది నేనే. తెచ్చాను గానీ చదవలేదు.

ఇంజెక్షన్లు ఆ రోజే మొదలుపెట్టారు. ఆలస్యమైందని డాక్టరమ్మ బావతో చెప్పింది. అక్టోబరు 2న రంజాన్ పండుగ. అక్క వార్డులోనే ఉంది. 6వ తేదీ సోమవారం పగలు నన్ను పిలిచి, "రబ్బూ, ఇప్పుడెంత వచ్చిందిరా?" అని అడిగింది. నేను తగ్గుతాంది అక్కా అన్నాను. అదే మాట. జూన్ నుంచి చెబుతున్న మాట. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు మెదడులో రక్తం చిట్లి చనిపోయింది. 7న మంగంపేటలో మట్టి చేశాం. తెల్లని రాతి దుమ్ము సమాధి మీద వాలుతూ ఉంది, చల్లిన పూల మీద కూడా. అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది. తిన్నావా అని అడుగుతుంది. తిట్టడం లేదు. తిడితే బాగుండేది.

11వ తేదీ శనివారం ల్యాబుకు వచ్చాను. అక్క సెప్టెంబరు శాంపిల్‌లో మిగిలిన రక్తపు నీరు ఫ్రీజర్‌లో ఉంది. మామూలుగా వారం దాటితే పారేస్తాం. అక్కది కాబట్టి దాచాను. పన్నెండుకు కరెంటు రాగానే మొదలుపెట్టాను. మొదట నా పద్ధతిలో, ఒక్క వాష్‌తో, ఏమీ కలపకుండా చేశాను. 204 వచ్చింది. పదింతలు పలచన చేశాను. వెలుగు పెరిగింది. వందింతలు చేశాను. ఇంకా పెరిగింది. నీళ్ళు కలిపేకొద్దీ పెరిగింది. వెయ్యింతలు పలచన చేసింది 1,760 చూపించింది. వెయ్యితో గుణించాలి. పదిహేడు లక్షల అరవై వేలు. ఇది అక్క మెట్లు దిగుతూ రెండు చోట్ల ఆగిన రోజు రక్తం.

నాలుగు గంటలకు వాసుదేవ్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "పొయినామె రాదు గదప్పా. ఇంక నుంచి నడిమి వాష్ చేద్దాం. పాతవి కదిలిస్తే ఊళ్ళో ఒక్కరు కూడా మన గడప తొక్కరు" అన్నారు. మద్దమ్మ సంగతి చెప్పాను. రిజిస్టరు చూసి కబురు పంపుదాం అన్నాను. 17న ఎట్లాగూ వస్తుంది కదా, అప్పుడు మళ్ళీ సరిగ్గా చేసి చూద్దాంలే అన్నారు. అది తప్పు మాట కాదు. ఆరు రోజులే కదా అని నేను కూడా ఒప్పుకున్నాను.

14వ తేదీ, నిన్న మంగళవారం. దసరా సెలవుల తరువాత జనం ఎక్కువగా ఉన్నారు. కరెంటు ఆ రోజు పన్నెండుకు రాలేదు, 12 గంటల 20 నిమిషాలకు వచ్చింది. మా దగ్గర పని నేర్చుకుంటున్న శ్రీవాసవి అనే అమ్మాయి ప్లేటు మీద పని చేస్తోంది. ఆ అమ్మాయికి నేర్పింది నేనే. రక్తపు నీరు పోసి, వెంటనే రెండో మందు పోస్తోంది. నేను ఆపమన్నాను. వాసుదేవ్ గారు లోపల నుంచి, టైము లేదు, ఈ ఒక్క రోజుకు అట్లనే కానీయండి అన్నారు. శ్రీవాసవి నా వైపు తిరిగి, "సార్, వాళ్ళు మూడున్నర బస్సుకు పోవల్లంట. మీరు నేర్పించిందే గదా సార్" అంది.

ఆ అమ్మాయి ఏ దురుద్దేశంతోనూ అనలేదు. నా మాటలే నాకు తిరిగి చెప్పింది.

షట్టరు లాగే కొక్కెం కడ్డీ తలుపు మూల ఉంటుంది. అది తీసుకుని మిషన్ మీద కొట్టాను. ఎన్ని సార్లో లెక్కపెట్టలేదు. పెద్దన్న గారు ఏడు అని రాశారు, ఏడే అయి ఉంటుంది. పైమూత పగిలింది, వెలుగును చూసే గాజు గొట్టం పగిలింది. అప్పుడు టైము 12 గంటల 30 నిమిషాలు. వెలుగు మందు సీసా కూడా పగిలి బల్ల మీద పారింది. పట్టపగలు కాబట్టి ఏమీ కనబడలేదు. గాజు పెంకు శ్రీవాసవి చేతికి గీసుకుంది. అందుకు నేనే బాధ్యుణ్ణి. ఆ అమ్మాయిని క్షమించమని అడగడానికి వీలు కాలేదు.

వాష్ నీళ్ళ క్యాను, ఐదు లీటర్లది, కడ్డీ తగిలి బల్ల మీద పక్కకు ఒరిగిపోయింది. రిజిస్టరు బల్ల మీదే తెరిచి ఉంది. నేను జెల్ పెన్నుతో రాస్తాను, అక్షరం ముద్దుగా వస్తుందని. ఆగస్టు, సెప్టెంబరు పేజీలు నీలం నీళ్ళయిపోయాయి. నిన్న సాయంత్రం ఆ రిజిస్టరును ఈ స్టేషనులోనే కిటికీలో ఆరబెట్టారు. నేను చూశాను. ఒక పేరు కూడా నిలవలేదు.

కోపంలో నేను ఒక్క సంగతి ఆలోచించలేదు. మిషన్ ఉండి ఉంటే మద్దమ్మ 17న వచ్చేది, నడిమి వాష్‌తో చేసేవాళ్ళం, తెలిసిపోయేది. ఇప్పుడు మిషన్ లేదు. ల్యాబుకు మీరు తాళం వేసి సీలు పెట్టారు. ఆమె ఊరు ఏదో రిజిస్టరులో ఉండేది, అది లేదు. నేను ఇక్కడ ఉన్నాను. ఆమె వస్తుంది, షట్టరు దించి ఉంటుంది, తగ్గుతాంది కదా అనుకుని వెనక్కి పోతుంది.

ఆమె గురించి నాకు తెలిసినదంతా రాస్తున్నాను. పేరు మద్దమ్మ. వయసు ముప్పై లోపు. ఆమెకు కూడా ముత్యాల గర్భం తీశారు, జూలైలో. రాయచోటి వైపు బస్సులో వస్తుంది, ఒక్కతే వస్తుంది. ఊరి పేరు చివర పల్లె అని రాసినట్టు గుర్తు. ఆ వైపు ఊళ్ళు ఎక్కువగా పల్లెలే. భర్త పేరు బొజ్జన్న. ఆగస్టు 22న 9,400 వచ్చింది, సెప్టెంబరు 19న 3,800. ఆమె రక్తపు నీరు ఫ్రీజర్‌లో లేదు, అక్కది కాదు కాబట్టి పారేశాను. ఆమెకు నిజంగానే తగ్గి ఉండొచ్చు. పెరిగి ఉండొచ్చు. రెండో సారి వచ్చినప్పుడు ఆమె నాతో ఏదో చెప్పబోయింది. "అన్నా, నాకు" అని మొదలుపెట్టింది. వెనక పదిమంది ఉన్నారు. నేను సంఖ్య చదివి వినిపించి, తగ్గుతాంది మద్దమ్మా అని కవరు చేతిలో పెట్టాను. ఏం చెప్పబోయిందో తెలియదు.

ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ ఉంది. రెండు సార్లూ ప్లాస్టిక్ వైరు బుట్ట తెచ్చింది. బస్సు తొమ్మిదిన్నర, పది మధ్య వస్తుంది.

ఎస్‌ఐ గారిని అడిగాను. శుక్రవారం సిబ్బంది లేరన్నారు. నీ కేసుకూ ఆమెకూ సంబంధం ఏముంది అన్నారు. కనీసం షట్టరు మీద ఒక కాగితం అంటించమన్నాను. తిరుపతి పోవాలని, పలచన చేసి పరీక్ష చేయమని అక్కడ అడగాలని, పెద్ద అక్షరాలతో నేనే రాసిస్తానన్నాను. పెద్దన్న గారు పక్క నుంచి, "ఆయమ్మకు చదువొచ్చునా?" అని అడిగారు. రిపోర్టు అందుకున్నట్టు రెండు సార్లూ ఆమె వేలిముద్రే వేసింది.

కాబట్టి కాగితం చాలదు. ఒక మనిషి నిలబడాలి. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర బస్సు పోయేదాకా షట్టరు ముందు నిలబడి, ఆమెను పేరు పెట్టి పిలిచి చెప్పాలి. పెద్దన్న గారిని అడిగాను. "శుక్రవారం నాకు కోర్టు డ్యూటీ ఉండాది రబ్బానీ" అన్నారు. మళ్ళీ "చూస్తాలే" అన్నారు. ఆ మాట కూడా ఇందులో రాశాను, చదివేవాళ్ళకు తెలియాలని.

నేను మిషన్ పగలగొట్టినట్టు ఒప్పుకుంటున్నాను. నడిమి వాష్ మానేసినట్టు ఒప్పుకుంటున్నాను. రెండోదానికి ఏ సెక్షన్ ఉందో ఎస్‌ఐ గారు చెప్పలేకపోయారు. ఉంటే అది కూడా పెట్టండి.

ఇదంతా ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతితో రాశాను. పెద్దన్న గారు గట్టిగా చదివితే విన్నాను. మద్దమ్మ ఉన్న పేజీ రెండో సారి చదివించుకున్నాను. ఇందులో 6,100, 2,300, 640, 190 అనే నాలుగు సంఖ్యలు తప్ప మిగిలినదంతా నాకు తెలిసినంతవరకు నిజం. 9,400, 3,800 నిజమో కాదో నేను చెప్పలేను.

(సంతకం)
దూదేకుల రబ్బానీ
15-10-2008, మధ్యాహ్నం 2 గంటల 5 నిమిషాలు